ఒక హాలు, ఒక స్ఫూర్తి

నూకరత్నం పట్టీ చుడుతోంది. గ్లవ్సు తొడిగేముందు బాక్సర్లు చేతికి చుట్టుకునే నాలుగున్నర మీటర్ల నూలు పట్టీ అది. నిన్న సాయంత్రం ఉతికి దండెం మీద ఆరేస్తే తెల్లారేసరికి అట్టలాగ బిరుసెక్కింది. దాన్ని మోకాలి మీద పరుచుకుని, అరచేత్తో సాపు చేసుకుంటూ, చాప చుట్టినట్టు చుట్టుకుపోతోంది. అంటుకునే కొస ముందు లోపలికి పోవాలి. బొటనవేలికి తగిలించుకునే ఉచ్చు ఆఖరున పైకి రావాలి. ఈ సంగతి తెలియక మొదట్లో తిరగేసి చుట్టేది. అప్పుడు కూతురు తనూజ ఆ చుట్టను గుమ్మం దాకా దొర్లించి, మొత్తం విప్పి, మళ్ళీ మొదటినుంచి చుట్టుకునేది.

"హాలే తియ్యనప్పుడు పట్టీలెందుకమ్మా?" అంది తనూజ, పళ్ళు తోముకుంటూ.

"ఉతికినాక సుట్టాల కదా," అంది నూకరత్నం.

తనూజకి పద్దెనిమిదేళ్ళు. యాభై ఏడు కిలోల తరగతిలో బాక్సింగ్ చేస్తుంది. దాన్ని ఫెదర్ వెయిట్ అంటారు, ఈక బరువని అర్థం. ఆ ఈక ఎడం చేత్తో ఒక్కటిస్తే పెరట్లో వేలాడదీసిన తౌడు బస్తా వెళ్ళి పక్కవాళ్ళ గోడకి తగిలి వస్తుంది. పక్కింటావిడ ఇప్పటికి రెండుసార్లు వచ్చి, "మా గోడేం చేసిందే నిన్నూ?" అని అడిగి వెళ్ళింది. యూత్ విభాగంలో తనూజకి ఇదే ఆఖరి ఏడు. వచ్చే శనివారం నగరంలో రాష్ట్ర జట్టుకి ఎంపికలు. అందులో నెగ్గితే సరే. లేకపోతే పై ఏటి నుంచి, పదేళ్ళుగా కొట్టుకుంటున్న పెద్దవాళ్ళతో కొట్టుకోవాలి.

గుమ్మం పక్కన ఒక మేకు ఉంది. దానికి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. గుత్తిలో పద్నాలుగు చెవులు. నూకరత్నం జిల్లా క్రీడా వికాస కార్యాలయంలో అటెండరు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది. పొద్దున్నే ఆఫీసు తెరవాల్సింది ఆమే కనుక గుత్తి ఆమెతోపాటే ఇంటికి వస్తుంది, ఆమెతోపాటే వెళుతుంది. అందులో పద్నాలుగోది బాక్సింగ్ హాలుది. మూడు నెలలుగా ఆ ఒక్క చెవికీ పెద్దగా పని లేదు.

దానికి కారణం మెక్సికో దేశం.

ఆషాఢంలో పైనుంచి ఒక పథకం దిగింది. దాని పేరు "ఒక హాలు, ఒక స్ఫూర్తి". జిల్లాలో ఉన్న ప్రతి క్రీడా కట్టడానికీ ఆ క్రీడలో స్ఫూర్తినిచ్చే మహనీయుడి పేరు పెట్టాలి. ఈత కొలనుకి అరగంటలో పెట్టేశారు. కబడ్డీ కోర్టుకి పైకప్పు లేదు కాబట్టి అది కట్టడం కిందికి రాదని తేల్చారు. ఇక మిగిలింది బాక్సింగ్ హాలు. జిల్లా అధికారి దక్షిణామూర్తి గారు స్వయంగా తనిఖీకి వెళ్ళారు. ఆయన అంతకు ముందు ఇరవై రెండేళ్ళు పట్టు పరిశ్రమ శాఖలో పనిచేసి వచ్చినవారు. మనిషి మంచివారే. ఎవరినీ గొంతెత్తి ఒక మాట అనరు.

హాల్లో రింగుకి ఎదురుగా గోడ మీద రెండు బొమ్మలున్నాయి. కోచ్ బంగార్రాజు ఎప్పుడో పాత ఇంగ్లీషు పత్రికల్లోంచి కత్తిరించి మైదా జిగురుతో అంటించినవి.

"వీరెవరు?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"మెక్సికో ఛాంపియన్లు సార్. ఇద్దరిదీ ఈక బరువే. ఈయన విసెంటె సాల్దివార్. ఎడంచేతి వాటం. ఆయన సాల్వడార్ సాంచెజ్. ఈయన తరవాతోడు."

"ఇద్దరిలో ఎవరు గొప్ప?"

"ఇద్దరూ గొప్పోలే సార్," అన్నాడు బంగార్రాజు.

దక్షిణామూర్తి గారు చేతిలోని ప్రొఫార్మా వంక చూసుకున్నారు. అందులో పేరుకి ఒక్కటే గడి ఉంది.

ఆ క్షణంలో బంగార్రాజు ఏదో ఒక పేరు చెప్పేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆయన రైల్వే తరఫున పన్నెండేళ్ళు బాక్సింగ్ చేసి, రెండుసార్లు ముక్కు విరగ్గొట్టుకున్న మనిషి. అబద్ధం ఆడలేని విషయం ఆయనకి లోకంలో ఒక్కటే ఉంది. సరిగ్గా అదే అడిగారు.

"సాంచెజ్ ఉన్నాడు సూడండి సార్, మొత్తం మీద ఒక్కసారే ఓడిపోనాడు. ఛాంపియను బెల్టు నడుంకి ఉండగానే కారు యాక్సిడెంట్లో పోనాడు. ఇరవై మూడేళ్ళు సార్ అప్పటికి. ఉంటే ఇంకెంతటోడు అయ్యీవోడో ఎవులికీ తెలీదు. ఈ సాల్దివారేమో గెలిసి గెలిసి, ఇంక సాలని బెల్టు ఒగ్గీసి ఇంటికెల్లిపోనాడు. దగ్గర దగ్గర రెండేళ్ళు పందెమే ఆడనేదు. మల్లీ వచ్చి మల్లీ అదే బెల్టు గెలిసినాడు. ఒకాయనకి టైము దొరకనేదు. ఒకాయన ఒగ్గీసిన టైముని ఎనక్కి తెచ్చుకున్నాడు. ఇందులో ఎవులు గొప్పని ఎలగ సెప్పమంటారు?"

"మీరు చెప్పలేరు. అది సహజం," అన్నారు దక్షిణామూర్తి గారు ఎంతో ఓర్పుగా. "చెప్పడానికే కమిటీలు ఉన్నది."

ఆ సాయంత్రమే సూపరింటెండెంట్ కామేశ్వరరావు గారు నూకరత్నాన్ని పిలిచి హాలుకి తాళం వేయమన్నారు. పథకం ఏడో నిబంధన ప్రకారం, పేరు తేలని కట్టడాన్ని ఎవరూ వాడరాదు. వాడితే ఎవరి స్ఫూర్తితో వాడారన్న సందేహం వస్తుంది. ఆమె గుత్తి అందుకుంటుంటే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, ఇంకో మాట కూడా చెప్పారు.

"నీ కూతురు అక్కడే ఆడుతుందని నాకు తెలుసు రత్నం. అందుకే చెబుతున్నాను. తాళంచెవులు దుర్వినియోగమైతే కాంట్రాక్టు రద్దు. అది నేను అంటున్న మాట కాదు, మూడో పేజీలో ఉంది."

"అలగేనండి," అంది నూకరత్నం.

మర్నాటినుంచి బంగార్రాజు పిల్లలకి హాలు మెట్ల మీద నేర్పించడం మొదలెట్టాడు. ఏడు మెట్లు. మెట్ల మీద ఎగరడం నేర్చుకోవచ్చు, దూకడం నేర్చుకోవచ్చు. రింగులో మూలకి నెట్టేసినప్పుడు తాడు వీపుకి తగులుతుంటే ఎలా బయటపడాలో మాత్రం మెట్ల మీద రాదు.

వారం చూసి తనూజ అడిగింది. "చెవి మన గోడకే ఉందమ్మా. పొద్దున్న ఐదింటికి తీసి ఏడింటికి వేసేస్తాం. ఎవరికి తెలుస్తాది?"

"నా ఉద్యోగం కూడా ఆ మేకుకే ఏలాడతంది," అంది నూకరత్నం. లారీ తోలే భర్త నెలకి రెండుసార్లు వస్తాడు. ఇంటి అద్దె మాత్రం ప్రతి నెలా వస్తుంది. తనూజ ఆ మాట ఇంక ఎత్తలేదు.

కమిటీ శ్రావణంలో కూర్చుంది. అధ్యక్షులు దక్షిణామూర్తి గారు. కన్వీనరు కామేశ్వరరావు గారు. రెవెన్యూ నుంచి ఒకరు, విద్యాశాఖ నుంచి ఒకరు, రోడ్లు భవనాల శాఖ నుంచి ఒక ఇంజనీరు. అయిదుగురిలో ఎవరూ ఏనాడూ బాక్సింగ్ చూడలేదు. నిష్పాక్షికతకి ఇంతకంటే హామీ ఉండదని దక్షిణామూర్తి గారు తొలి పలుకుల్లో అన్నారు. బంగార్రాజుని కూడా వేసుకుందామని విద్యాశాఖవారు అంటే, విషయం తెలిసినవారు ఉంటే చర్చ ఒకవైపు ఒరిగిపోతుందని వద్దన్నారు.

ఇద్దరు ఛాంపియన్ల ఘనతనీ తూచడానికి ఒక ప్రొఫార్మా కావాలి. కొత్తది తయారుచేయాలంటే పై అనుమతి కావాలి, దానికి ఆరు నెలలు. అందుకని ఆఫీసులో సిద్ధంగా ఉన్నదే వాడదామనుకున్నారు. అది ఉద్యోగుల వార్షిక పనితీరు నివేదిక. నూకరత్నం టీలు పంచుతూ అంతా వింది. వినకుండా ఉండడానికి ఆ గదిలో రెండో తలుపు లేదు.

"కాలమ్ నాలుగు. హాజరు," చదివారు కామేశ్వరరావు గారు. "సాల్దివార్ గారు 1967లో స్వచ్ఛందంగా వైదొలిగారు. 1969లో తిరిగి బరిలో చేరారు."

"మధ్యకాలానికి సెలవు మంజూరైందా?" అన్నారు రెవెన్యూవారు.

"రికార్డులో కనబడదండి."

"అయితే అనధికార గైర్హాజరు."

"కానీ తిరిగొచ్చి మళ్ళీ ఛాంపియన్ అయ్యారు కదండీ," అన్నారు విద్యాశాఖవారు.

"అది ఇంకా తీవ్రమైన విషయం. గైర్హాజరైన వ్యక్తికి అదే పోస్టు మళ్ళీ ఎలా ఇచ్చారు? ఈలోపు ఆ పోస్టులో ఉన్నవారి అభ్యంతరం తీసుకున్నారా?"

"ఉన్నవారిని కొట్టి తీసుకున్నారండి," అన్నారు కామేశ్వరరావు గారు, కాగితం చూసి.

నాలుగు మార్కులు తగ్గించారు.

"సాంచెజ్ గారు. సర్వీసులో ఉండగా మరణం. కారు ప్రమాదం."

"డ్యూటీ మీద వెళుతూనా, సొంత పని మీదా?"

"సొంత కారండి."

"అలాగైతే ఏ ప్రయోజనాలూ వర్తించవు. మొత్తం సర్వీసు ఎంత?"

"ఛాంపియన్‌గా రెండున్నరేళ్ళండి."

"రెండున్నరేళ్ళు ఒక సర్వీసా?" అన్నారు రెవెన్యూవారు. "మా ఆఫీసులో సంతకం కుదురుకోవడానికే అంత పడుతుంది."

ఆయనకీ నాలుగు మార్కులు తగ్గించారు.

తరవాతి కాలమ్ ప్రజలతో ప్రవర్తన. దాని దగ్గర కొంచెంసేపు ఇబ్బంది ఎదురైంది. సాంచెజ్ గారు నలభై నాలుగు పందేల్లో, సాల్దివార్ గారు ముప్ఫై ఏడు పందేల్లో ఎదుటివారిని కొట్టినట్టు రికార్డులో స్పష్టంగా ఉంది.

"వీరిపై లిఖితపూర్వక ఫిర్యాదులు ఏమైనా ఉన్నాయా?" అడిగారు దక్షిణామూర్తి గారు.

"ఒక్కటీ లేదండి."

"ఇద్దరి ప్రవర్తనా సంతృప్తికరం."

బజ్జీలు అయిపోయేసరికి కూడిక కూడా అయిపోయింది. సాల్దివార్ గారికి అరవై ఒకటి. సాంచెజ్ గారికి అరవై ఒకటి. కామేశ్వరరావు గారు మళ్ళీ కూడారు. ఇంజనీరు గారు ఫోనులో కూడారు. మారలేదు.

"పట్టు పురుగుల విషయంలో నాకెప్పుడూ ఈ సందిగ్ధత రాలేదు," అన్నారు దక్షిణామూర్తి గారు.

సమానమైతే అభ్యర్థుల వివరణ కోరాలని పదకొండో నిబంధన. అభ్యర్థులిద్దరూ కాలం చేసి నలభై ఏళ్ళు దాటిందని విద్యాశాఖవారు గుర్తుచేశారు. మరణ ధ్రువపత్రాలు ఫైల్లో లేనప్పుడు అలా భావించడానికి వీల్లేదని రెవెన్యూవారు అన్నారు. అందుచేత ఇద్దరికీ తెలుగులో చెరొక లేఖ వెళ్ళింది. "తమరి ఘనతపై తమరి అభిప్రాయమును పదిహేను దినములలోగా తెలియజేయనియెడల, తమరు చెప్పుకొనదగినది ఏమియు లేదని భావింపబడును." నూకరత్నమే పోస్టాఫీసుకి పట్టుకెళ్ళింది. కౌంటరులో కుర్రాడు అడ్రసు చదివాడు. శ్రీ సాంచెజ్ గారు, మాజీ ఛాంపియన్, మెక్సికో. అతను ఆమె మొహం చూశాడు.

"ఊరు పేరు లేదేటమ్మా?"

"పెద్దోరు రాసినారు బాబూ. సీలెయ్యి," అంది.

లేఖలు నాలుగో రోజున చిరునామా చాలదన్న ముద్రతో వెనక్కి వచ్చాయి. గడువులోగా వివరణ ఇవ్వనందుకు కమిటీ ఇద్దరికీ చెరొక మార్కు కోసింది. అరవై, అరవై అయింది.

భాద్రపదంలో ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. హాలు మెట్ల మీద కోచ్ బంగార్రాజు ఒక అమ్మాయి చేత బాహాటంగా ఎడంచేతి వాటంలో సాధన చేయిస్తున్నాడు. ఇది నిర్ణయానికి ముందే సాల్దివార్ పక్షాన ప్రచారం చేయడం కాదా అని ప్రశ్న. ఉత్తరం రాసిందెవరో తెలియదు గాని, అందులోని ప్రశ్న న్యాయమైనదని కమిటీకి తోచింది. గోడ మీది రెండు బొమ్మలకీ సమానమైన కొలతల్లో తెల్ల గుడ్డ కప్పించారు. అమ్మాయికి నోటీసు తయారైంది. నోటీసులు అందజేసే పని నూకరత్నానిది.

ఆమె నాలుగింటికి డెలివరీ పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరింది. తన వీధిలోకి వచ్చి, తన గుమ్మం ముందు నిలబడి, తలుపు కొట్టింది.

తనూజ తలుపు తీసింది. "తలుపు కొడతావేటమ్మా?"

"సంతకం పెట్టాల."

తనూజ కాగితం విప్పి పైకి చదివింది. "కమిటీ తుది నిర్ణయము వెలువడునంతవరకు తాము కుడిచేతి వాటమును మాత్రమే అవలంబించవలసినదిగా..." అక్కడ ఆగింది. "ఇది మా అమ్మ ఇస్తందా, ఆఫీసు ఇస్తందా?"

"ఇప్పుడు టైము నాలుగూ పది. అయిదున్నర దాకా ఆఫీసే."

తనూజ పుస్తకాన్ని గోడకి ఆనించి, ఎడం చేత్తో సంతకం పెట్టింది. కావాలనే మెల్లగా పెట్టింది. నూకరత్నం ఆ చేతిని చూసింది. వేళ్ళ కణుపుల మీద తౌడు బస్తా గీరుకున్న చారలున్నాయి. పుస్తకం మూసేసి ఆఫీసుకి తిరిగి వెళ్ళిపోయింది. ఆరింటికి మళ్ళీ వచ్చి, చెప్పులు విప్పి, రెండు గుడ్లు ఉడకబెట్టి కంచంలో వేసింది. "తిను," అంది. ఆ రాత్రి దండెం మీద పట్టీలు ఆరుతూనే ఉన్నాయి.

అలా మూడు నెలలు గడిచాయి. గురువారం వచ్చింది. ఎంపికలు ఎల్లుండి. ఎంట్రీ ఫారాలు నగరానికి పంపడానికి అదే ఆఖరు రోజు, సాయంత్రం అయిదింటిదాకానే గడువు. ఫారంలో తొమ్మిదో గడి సాధన కేంద్రం పేరు. హాలుకి పేరు లేదు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటోంది. గడి ఖాళీగా ఉంది కాబట్టి కామేశ్వరరావు గారు తనూజ ఫారాన్ని అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. ఆయనకి ఎవరిమీదా కోపం లేదు. మూడోసారి తెచ్చినా పంపేవారు.

అదే రోజు మూడింటికి కమిటీ చివరి సమావేశం. ఆ వేళ ఇంజనీరు గారు ఒక చుట్ట కాగితం తెచ్చుకున్నారు.

"మనం ఇన్నాళ్ళూ సమస్యని తప్పుగా చూశామండి," అన్నారాయన. "స్ఫూర్తులు రెండు ఉండడం సమస్య కాదు. హాలు ఒకటే ఉండడం సమస్య. మధ్యలో తొమ్మిదంగుళాల గోడ కడితే హాళ్ళు రెండవుతాయి. అటు సాల్దివార్ హాలు, ఇటు సాంచెజ్ హాలు. ఒక హాలు, ఒక స్ఫూర్తి. నిబంధన తూచా తప్పలేదు."

ఇంత తేలికైన దారి మూడు నెలలుగా ఎవరికీ తట్టనందుకు అందరికీ కొంచెం సిగ్గేసింది.

"హాలుకి సరిగ్గా మధ్యన ఏముంది?" అడిగారు దక్షిణామూర్తి గారు.

"రింగు ఉందండి. గోడ రింగు మీదుగానే పోవాలి. పక్కకి జరిపితే ఒకాయనకి ఎక్కువ వెళుతుంది, మళ్ళీ వివాదం. రింగు ఇరవై అడుగులు. గోడ మందం పోను ఒక్కొక్కరికీ తొమ్మిదడుగుల ఏడున్నర అంగుళాలు."

"సమానంగా వస్తోందా?"

"దారం వేసి కొలిపించానండి."

నూకరత్నం అప్పుడు టీ కప్పులు తీస్తోంది. పదకొండేళ్ళుగా ఆ గదిలో ఆమె అన్న మాట ఒక్కటే, "టీ అండి" అని. ఇప్పుడు చేతిలో కప్పులతో అలాగే నిలబడిపోయింది.

"మరి ఎదరోల్లు ఎక్కడ నిలబడతారండి?" అంది.

కామేశ్వరరావు గారు కళ్ళజోడు తీసేశారు. దక్షిణామూర్తి గారు మాత్రం నొచ్చుకోలేదు. కింది ఉద్యోగుల ప్రశ్నలకి విలువివ్వాలని ఆయన ఎక్కడో శిక్షణలో విన్నారు.

"మంచి ప్రశ్న," అన్నారు. "పక్క హాల్లో."

దీనివల్ల క్రీడాకారులకు దెబ్బలు తగిలే ప్రమాదం కూడా పూర్తిగా తొలగిపోవునని మినిట్సులో రాసుకున్నారు. పని సోమవారం మొదలవుతుంది. గోడ లేచి, తడి ఆరి, సున్నం పడి, రెండు ప్రారంభోత్సవాలు జరిగాక హాళ్ళు తెరుస్తారు. ఈలోగా ఫైల్లో ఒక వాక్యం ఉండాలి గనుక కామేశ్వరరావు గారు ఆలోచించి, మినిట్సు పైన తన గుండ్రటి చేతిరాతతో రాశారు. "కేంద్రము పేరు కమిటీ వారి క్రియాశీల పరిశీలనలో ఉన్నది."

ఆ మినిట్సు జిరాక్సు తీయించడానికి నూకరత్నం వరండాలోకి వచ్చేసరికి బంగార్రాజు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో తనూజ ఫారం.

"ఏటయింది రత్నమ్మా?"

"రింగు మీద గోడ కడతారట బాబూ."

బంగార్రాజు నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానేశాడు. వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "నేను ఆ రోజు ఏదో ఒక పేరు సెప్పీవలసింది," అన్నాడు. "నా పాడు నోరు. ఎవులు గొప్పయితే నాకేటి, పిల్లలకి రింగుంటే సాలు కదా."

నూకరత్నం చేతిలోని మినిట్సు చూసుకుంది. గడియారం చూసింది. నాలుగూ ఇరవై. పదకొండేళ్ళుగా ఆమె కామేశ్వరరావు గారి బల్ల పక్కన నిలబడి, ఆయన సంతకాలు పెట్టిన కాగితాలు ఒక్కొక్కటే తీస్తోంది. ఆయన కాగితం చదవరు. పెన్సిలు మొనతో కుడివైపు గడుల మీదుగా పైనుంచి కిందికి దిగుతారు. ఖాళీ దగ్గర పెన్సిలు ఆగుతుంది. ఖాళీ లేకపోతే ఆగదు.

"బాబూ, తొమ్మిదో గడిలో ఇది రాయండి," అని మినిట్సు చూపించింది.

బంగార్రాజు చదువుకున్నాడు. "ఇది పేరేటి రత్నమ్మా?"

"గడి కాలీ ఉండకూడదు. అంతే."

ఆయన రాశాడు. గడి చిన్నది కావడంతో మూడు వరసల్లో ఇరికించాడు. నూకరత్నం ఆ ఫారాన్ని మిగతా సంతకాల కాగితాల మధ్య, ఒక సెలవు చీటీకీ ఫ్యాను రిపేరు బిల్లుకీ నడుమ పెట్టి లోపలికి తీసుకెళ్ళింది.

పెన్సిలు సెలవు చీటీ మీదుగా దిగింది, సంతకం పడింది. ఫారం మీద ఒకటి, రెండు, మూడు దాటింది. తొమ్మిది దగ్గర ఆగింది.

నూకరత్నం కిటికీలోంచి బయటికి చూసింది.

కామేశ్వరరావు గారు ఆ మూడు వరసలూ చదివారు. మళ్ళీ చదివారు. "క్రియాశీల పరిశీలన," అన్నారు మెల్లగా. "భాష బాగుంది. ఎవరు రాశారు?"

"తమరేనండి."

ఆయన మొహం విచ్చుకుంది. పెన్సిలు కిందికి దిగిపోయింది. సంతకం పెట్టి, ముద్ర ఆయనే స్వయంగా వేశారు. నాలుగూ యాభైకి ఫారం నగరానికి వెళ్ళే కవరులో పడింది.

సాయంత్రం వీధి మలుపు దాకా బంగార్రాజు ఆమెతో నడిచి వచ్చాడు. కాగితం పని అయింది గాని ఆయన మొహం తేరుకోలేదు.

"నీ కూతురు సెయ్యి బాగుంది రత్నమ్మా. కాళ్ళే మరిసిపోనాయి. మూణ్ణెల్లుగా తాడు ఎనక తగలనేదు. ఎల్లుండి రింగెక్కితే ముందు కాళ్ళు బెదురుతాయి. రేపు ఒక్క పూట రింగులో తిరిగితే గుర్తుకొచ్చీసును." ఆయన ఏమీ అడగలేదు. గుత్తి ఆమె చేతిలోనే ఉంది, దాని వంక కూడా చూడలేదు. "నేనూ పిల్లలూ అయిదింటికి మెట్ల కాడ ఉంటాం, రోజూలాగే," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంట్లో నూకరత్నం గుత్తిని మేకుకి తగిలించింది. పట్టీలు ఉతికింది. ఆరేసింది. వాటిని పిండుతుంటే గోడ మీది ఆ ఇద్దరూ గుర్తుకొచ్చారు. గుడ్డ కప్పకముందు హాలు ఊడ్చినప్పుడల్లా వాళ్ళని చూసేది. ఎవరెవరో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. ఇద్దరూ ఈక బరువు కుర్రాళ్ళే. ఇద్దరి చేతులకీ తనూజవిలాంటి పట్టీలే. ఒకాయన వదిలేసి మళ్ళీ వచ్చాడు. ఒకాయనకి మళ్ళీ రావడానికి వీల్లేకపోయింది. అరవై, అరవై అన్నారు గాని, ఆమెకి ఆ రెండూ ఒకే లెక్కలాగ అనిపించలేదు.

శుక్రవారం తెల్లవారుతుండగా ఆమె గుమ్మం దగ్గర కూర్చుని పట్టీ చుడుతోంది. ఒకటి అయిపోయింది. రెండోది మోకాలి మీద పరిచి, అంటుకునే కొస లోపలికి మడిచింది. అప్పుడు లేచి, మేకు మీది గుత్తి తీసి, తుప్పు పట్టిన వలయాన్ని పంటితో విడదీసి, పద్నాలుగో చెవి బయటికి లాగింది. గుత్తి మళ్ళీ మేకుకి వేలాడింది. ఆమె కూర్చుంది. చెవిని పట్టీ మడతలో పెట్టి, దాని చుట్టూ బిగించి, సాపు చేస్తూ, ఉచ్చు పైకి వచ్చేదాకా చుట్టింది.

తనూజ బూట్ల తాళ్ళు కట్టుకుని వచ్చి, రోజూలాగే రెండు చుట్టలూ ఎడం చేతిలోకి తీసుకుంది. సంచిలో వేయబోయి ఆగింది. రెండో చుట్టని అరచేతిలో ఒకసారి ఎగరేసింది. బరువు తేడాగా ఉంది. వేళ్ళతో నొక్కి చూసింది.

మేకు వంక చూసింది. తల్లి వంక చూసింది.

నూకరత్నం చీపురు అందుకుని గుమ్మం ముందు ఊడుస్తోంది. అక్కడ ఊడవాల్సింది ఏమీ లేదు, అయినా ఊడుస్తోంది.

తనూజ చీపురు తగలకుండా తల్లి పక్కనుంచి దాటి, హాలు ఉన్న వైపు వెళ్ళిపోయింది.